డ్రైవరు వైపు

నాలుగయింది, అన్నయ్య రాలేదు. గోడ గడియారం రెండు నిమిషాలు ముందుంటుంది కదా అని మేస్త్రి చేతి గడియారం చూసుకున్నాడు. దాంట్లోనూ నాలుగే. సరే, గేటు తీయడానికో నిమిషం, చెప్పులు విప్పడానికో నిమిషం అనుకుని చెవులు రిక్కించాడు గానీ, పక్కగదిలో భార్య కుట్టుమిషను తప్ప ఇంకేం వినపడలేదు. ఆ మిషను ఇవాళ ఆగి ఆగి నడుస్తోంది, అంటే ఆవిడ కూడా ఒక చెవి గేటు దగ్గర పెట్టుకునే కుడుతోందన్నమాట. "నాలుగంటే సరిగ్గా నాలుగని కాదండీ, సుమారుగా అని" అంది ఇందాక, టీ గ్లాసు పెడుతూ. ఏం సుమారు! అన్నయ్య జీవితంలో సుమారు అనే మాట ఎక్కడుంది? ముప్ఫై రెండేళ్ళు రైలింజన్లు నడిపిన మనిషి. తన సొంత పెళ్ళికి కూడా చెప్పిన నిమిషానికి వచ్చేసి, అక్కడింకా ఎవరూ రాకపోతే కోటు విప్పి కుర్చీలు సర్దిన మనిషి. అలాంటివాడు నాలుగింటికి రాలేదంటే ఇక రాడనే. రాకపోతే ఏం చెయ్యాలో మేస్త్రి ఆలోచించి పెట్టుకోలేదు. వస్తే ఏం చెప్పాలో మాత్రం మూణ్ణెల్లుగా ఆలోచిస్తూనే ఉన్నాడు, అదీ తేలలేదు.

బల్ల మీద రెండు గజాల పొడుగు పట్టాలు, వాటి మీద ఎనిమిది వందల ఎనిమిదో నంబరు ఆవిరి ఇంజను, దాని వెనక అయిదు వ్యాగన్లు, చివర గార్డు డబ్బా. అసలు దాంట్లో నలభై మూడో వంతు. కట్టుడు పళ్ళు చేసే మేస్త్రికి రైళ్ళ పిచ్చేమిటని అడిగినవాళ్ళందరికీ ఆయన ఒకటే జవాబు చెప్పేవాడు, రెండూ వెంట్రుకవాసి పనులేనని, పన్ను కాస్త ఎత్తుగా ఉంటే మనిషి అన్నం తినలేడు, చక్రం కాస్త ఎత్తుగా ఉంటే ఇంజను పట్టాలెక్కదని. ఒక్క తేడా ఉంది, ఇంజను వచ్చి గొడవపడదు. ఇత్తడి రేకుని వెనకనుంచి సూదిమొనతో ఒత్తితే ముందు వైపు చిన్న బొడిపె లేస్తుంది, అదే రివెట్టు. ఒక్కొక్కటీ అలా ఒత్తాలి, వరస తప్పకూడదు, ఒకటి తప్పితే ఆ రేకు పారేసి మళ్ళీ మొదలు. బాయిలరు మీద రెండు వందల పద్నాలుగు. నిద్రలో లేపి అడిగినా చెప్తాడు. మూడో వ్యాగనుకి ఒక పలక మాత్రం మిగతావాటికంటే కాస్త పచ్చిగా, కొత్త చెక్క రంగులో ఉంటుంది, ఎందుకంటే వ్యాగన్లకి పలకలు విరుగుతాయి, మారుస్తారు, మార్చినవాడు పాత రంగు కలిసేదాకా కూర్చోడు. బొగ్గు నిజం బొగ్గే, పాత గుడ్డలో మూటకట్టి సుత్తితో కొట్టినది. కొత్తదాన్ని తయారుచెయ్యడం కాదు, చేసిన కొత్తదాన్ని పాతగా చెయ్యడం, అదీ అసలు పని. పొగగొట్టం వెనక మసి ఎటు పడుతుంది, నీళ్ళు కారినచోట తుప్పు ఎంత సన్నంగా దిగుతుంది, డ్రైవరు చెయ్యి ఆనే చోట రంగు ఎలా అరుగుతుంది. డ్రైవరు చెయ్యి. అక్కడికొచ్చేసరికి ఆలోచన మళ్ళీ గేటు దగ్గరికి పోయింది.

నాలుగూ పది. బ్రేకులకి గాలి నింపే పంపు, బాయిలరు పక్కన నిలువుగా అంటించి ఉండే చిన్న డబ్బా లాంటిది, దాని మీద నల్లరంగు పొద్దున్న వేసింది ఇంకా ఆరిందో లేదో. వేలితో తాకాడు. ఆరలేదు, వేలిముద్ర పడింది. ఛ, బుద్ధుందా! అరవై నాలుగేళ్ళొచ్చాయి, రంగు ఆరకుండా ముట్టుకోకూడదని ఊరందరికీ చెప్పే పెద్దమనిషి. సన్న కుంచె తీసి ముద్ర చెరిపాడు, రంగు పక్కన గొట్టానికి అంటింది, దాన్ని తుడిచాడు, కుంచె కడిగాడు, ఇక చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చోవాలని నిర్ణయించుకుని అర నిమిషం కూర్చుని లేచాడు. కిటికీ దగ్గరికెళ్తే వీధి కనపడదు, పక్కింటి గోడా ఆరేసిన దుప్పట్లూ కనపడతాయి. ఆ సంగతి తెలిసీ వెళ్ళాడు, వచ్చాడు. కాలు కాలిన పిల్లిలా ఏమిటా తిరుగుడు అని ఆవిడ ఇంకా అడగలేదు, అదే గొప్ప.

ఈ పంపు ఏడేళ్ళు ఇంజనుకి కుడివైపున ఉంది. మూణ్ణెల్ల కింద కుడివైపు నుంచి పీకేశాడు. ఇరవై ఏడు బెజ్జాలు టంకంతో పూడ్చి, ఆకురాయితో నున్నగా రాసి, మళ్ళీ రంగేశాడు. పాత పంపుని తెచ్చి ఎడమవైపు అంటిస్తే సరిపోదు, అది అద్దంలో బొమ్మలా తిరగేసి ఉంది కాబట్టి కొత్తది పోత పొయ్యాలి, గొట్టాలన్నీ మళ్ళీ వంచాలి. మైనంతో అచ్చు చేశాడు, పళ్ళకి వాడే సుద్దలో ముంచాడు, ఇత్తడి కరిగించి పోశాడు, నాలుగుసార్లు పాడైంది, అయిదోసారి వచ్చింది. చేతులు పని చేస్తున్నంతసేపూ బాగానే ఉంది. చేతులు ఖాళీ అయితేనే ఆ హాలు, ఆ నలభైమంది, ఆ నవ్వు, చెవిలో జోరీగలా అదే గోల.

ఏడేళ్ళ కింద, రైలు నమూనాల సంఘం వాళ్ళ ప్రదర్శన. ఎనిమిది వందల ఎనిమిది అప్పుడే పూర్తయింది. పద్దెనిమిదేళ్ళు అన్నయ్య నడిపిన ఇంజను కదా అని మేస్త్రే పిలిచాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, వదినని వెంటబెట్టుకుని వచ్చాడు అన్నయ్య. బల్ల చుట్టూ తిరిగాడు. మొహం ఎంత వెలిగిపోయిందో! ఒరేయ్, ఒరేయ్, అని రెండుసార్లన్నాడు, అంతకంటే మాట రాలేదు. తరవాత కుడివైపుకొచ్చి ఆగి, "పంపు ఇటు పెట్టావేంట్రా? పంపు నా వైపుండేది. డ్రైవరు వైపు, ఎడమ" అన్నాడు. అంతే. చిన్నమాట. సరే చూద్దాంలే అన్నయ్యా అంటే పోయేది. కానీ పక్కన సంఘం కార్యదర్శి ఉన్నాడు, బహుమతి ఎవరికివ్వాలో రాసుకునే కాగితాలు పట్టుకుని. సంఘానికో నియమం ఉంది, ప్రతి నమూనా పక్కనా ఒక చీటీ పెట్టాలి, దేన్ని చూసి చేశారో ఆధారాలు రాయాలి. డ్రాయింగు చెల్లుతుంది, ఫొటో చెల్లుతుంది, జ్ఞాపకం చెల్లదు. డ్రాయింగులో పంపే లేదు, అది తరవాత వర్క్‌షాపులో తగిలించింది. ఉన్నది ఒక్క ఫొటో. మేస్త్రి ఆ ఫొటో తీసి చూపించాడు. అన్నయ్య తల అడ్డంగా ఊపాడు. "పద్దెనిమిదేళ్ళు దాని పక్కన కూర్చున్నాన్రా, నాకు తెలీదా?" అన్నాడు, గొంతు కాస్త పెంచి. అప్పటికి నలుగురూ మూగారు. "అన్నయ్యా, ఫొటో అబద్ధం చెప్పదు. నీకు వయసు మీద పడింది, ఇంజను కుడీ ఎడమా మర్చిపోయినా పరవాలేదు, ఇంటికెళ్ళే దారి గుర్తుందిగా?" ఎవరన్నారామాట? తనే. ఈ నోటితోనే. అందరూ నవ్వారు. తనూ నవ్వాడు. అన్నయ్య టీ కప్పు బల్ల అంచున పెట్టి, "పద" అన్నాడు వదినతో. తల కొట్టేసినట్టయి వెళ్ళిపోయాడు. ఆ సాయంత్రం మేస్త్రికి మొదటి బహుమతి వచ్చింది, ఆ బహుమతి కప్పు ఇప్పుడు మేకుల డబ్బా.

ఏడేళ్ళు ఉలుకూ పలుకూ లేదు. పెళ్ళిళ్ళలో ఈ చివర ఒకరు, ఆ చివర ఒకరు. తోడికోడళ్ళిద్దరూ మాత్రం ఫోన్లలో మాట్లాడుకుంటూనే ఉన్నారు, మీరు మీరు చావండి మాకేం అన్నట్టు. మొదట్లో మేస్త్రికి కోపం ఉండేది కూడా. ఉన్నమాటంటే ఉలుకెందుకని. ఫొటో ఉంది కదా అని. ఆ ఫొటోని పెద్దది చేయించి ఈ గోడకే తగిలించాడు, అదుగో, ఇంకా ఉంది. ఇంజను కుడివైపుకి మొహం పెట్టి నిలబడి ఉంటుంది, డ్రైవరు గది మీద తెల్లగా నంబరు, ఎక్కే మెట్లకి సరిగ్గా అడ్డంగా నూనెడబ్బా పట్టుకుని ఎవడో ఒక మనిషి. వాడి మీద ఎంత విసుక్కున్నాడో, కాస్త పక్కకి జరిగి నిలబడితే నీ సొమ్మేం పోయిందయ్యా, మెట్లు కనపడి చచ్చేవి కదా అని. చివరికి మెట్లు డ్రాయింగు చూసి చేశాడు, మూడూ మూడు గీతల్లా తిన్నగా.

భార్యని ఈ గదిలోకి రానివ్వడు, ఊడిస్తే ఇత్తడి ముక్కలు పోతాయని. మూణ్ణెల్ల కింద చిన్న కత్తెర కనపడక వెతుక్కుంటూ వచ్చింది. కత్తెర ఆయన దగ్గరే ఉంది, అది వేరే గొడవ. తిట్టడానికి నోరు తెరిచి, ఫొటో ముందు ఆగిపోయింది. "ఈయన చొక్కా ఎవరు కుట్టారండీ?" అంది. ఎవరు కుడితే ఏమిటి? "జేబు కుడివైపు కుట్టారు. గుండీల పట్టీ కూడా ఆడవాళ్ళ చొక్కాలా ఉంది. మగాళ్ళకెవరూ ఇలా కుట్టరు, కళ్ళు మూసుకుని కుట్టినా ఇలా రాదు." మేస్త్రి లేచి ఫొటో దగ్గరికొచ్చాడు. ఎవరూ అలా కుట్టరు. కుట్టలేదు కూడా. ఫొటో కడిగినవాడు ఫిల్ము తిరగేసి పెట్టాడు. మరి నంబరు? ఎనిమిది, సున్నా, ఎనిమిది. అద్దంలో చూసినా ఎనిమిది, సున్నా, ఎనిమిదే. ఇంకే నంబరైనా అయ్యుంటే చిన్నపిల్లవాడు కూడా పట్టేసేవాడు. ఏడేళ్ళు భూతద్దం పెట్టి రివెట్లు లెక్కపెట్టాడు గానీ, ఆ మనిషి చొక్కాకేసి ఒక్కసారి చూడలేదు. ఆవిడ కత్తెర తీసుకుని వెళ్ళిపోయింది. ఆయన స్టూలు మీద కూర్చుండిపోయాడు. ఆ రాత్రి అన్నం సయించలేదు. ఫోను చేతిలోకి తీసుకున్నాడు, పెట్టేశాడు, మర్నాడూ అంతే. తప్పు నాదే అన్నయ్యా, నాలుగు ముక్కలు కూడా కాదు, మూడు. దానికంటే ఇరవై ఏడు బెజ్జాలు పూడ్చడం తేలికనిపించింది. చివరికి పని ముగింపుకొచ్చాక, ఇవాళ నాలుగింటికి అన్నయ్యని పంపమని ఆవిడే వదినకి ఫోను చేసింది.

నాలుగూ ఇరవై అయిదు. టీ చల్లారి మీగడ కట్టింది. అన్నయ్య పై పళ్ళ సెట్టు తను చేసిందే, పదకొండేళ్ళయింది. చిగుళ్ళు అరుగుతాయి, సెట్టు వదులవుతుంది, ఏడాదికో రెండేళ్ళకో సరిచెయ్యాలి. ఈ ఏడేళ్ళు ఎవరిచేత సరిచేయించుకుంటున్నాడో? ఇంకెవడి దగ్గరికైనా వెళ్ళి ఉంటే వాడు ముందు ఎడమవైపు కోరపన్ను చూసి నవ్వుకుని ఉంటాడు, ఏమిటీ ఈ పన్ను వంకరగా పెట్టాడెవడో చేతకాని మేస్త్రి అని. చేతకాక కాదు. అన్నయ్య సొంత పన్నే అలా కాస్త పక్కన పన్ను మీదికెక్కి ఉండేది. తిన్నగా పెట్టి చూస్తే నోట్లో ఎవరో పరాయి మనిషి. ఏ ఫొటోలోనూ అన్నయ్య పళ్ళు కనపడేలా నవ్వలేదు, ఏ ఆధారమూ లేదు, ఊరికే కళ్ళు మూసుకుని అన్నయ్య నవ్వు గుర్తు చేసుకుని మైనంలో పన్ను వంచాడు. పెట్టుకుని అద్దంలో చూసుకుని "వచ్చాన్రా" అన్నాడు అన్నయ్య. అసలు ఫొటోల్లో అన్నయ్య ఎప్పుడు సరిగ్గా పడ్డాడు గనక, ప్రతిదాంట్లోనూ మెడ ఎడమవైపుకి సాగదీసి, తల వరసలోంచి బయటికి పెట్టి. సార్, మెడ నిటారుగా పెట్టండి సార్, అని ఫొటోగ్రాఫర్లు బతిమాలేవాళ్ళు. దూరంగా ఏదైనా చూడాలంటే ముందు మెడ ఎడమకి పోవాల్సిందే, టీవీ ముందు కూర్చున్నా అంతే. చుట్టాల పిల్లలు మెడవంకర పెదనాన్న అని పేరు కూడా పెట్టారు. తనూ అనేవాడు, వెనకాల. ఎముకలరిగాయన్నాడు డాక్టరు. ఏమన్నాడో ఏమో, ఇప్పుడవన్నీ ఎందుకు, నాలుగూ ముప్ఫై అయిదయింది, రాడు. రాకపోవడమే న్యాయం. నలభైమంది ముందు అన్నమాటకి, ఒక గదిలో తలుపేసుకుని దిద్దుబాటు చేస్తే సరిపోతుందా?

కుట్టుమిషను ఆగి కాసేపయింది. గేటు తీసిన చప్పుడు, మళ్ళీ వేసిన చప్పుడు. మేస్త్రి లేచి నిలబడ్డాడు. వచ్చింది భార్యే. "ఏమండీ, దారపు ఉండ కోసమని బయటికెళ్తే, బావగారు ఎదురు బస్‌స్టాపులో కూర్చునున్నారు."

"ఎప్పట్నుంచి?"

"కొట్లో అతన్ని అడిగాను. నాలుగింటికి ముందు నుంచే అట."

"మరి పిలవలేకపోయావా?"

"నేను పిలిస్తే నా కోసం వచ్చినట్టవుతుంది. మీరెళ్ళండి" అని ఆవిడ లోపలికి పోయి టీ పొయ్యి మీద పెట్టింది.

మేస్త్రి ఏ చెప్పు ఏ కాలికి వేసుకున్నాడో చూసుకోకుండా రోడ్డు దాటాడు. అన్నయ్య బెంచీ మీద నిటారుగా, చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని కూర్చున్నాడు. బాగా చిక్కిపోయాడు. ఇస్త్రీ చొక్కా. ఏడేళ్ళ కిందటిదేనేమో కూడా, మెడ దగ్గర వదులైంది.

"లోపలికి రా అన్నయ్యా" అన్నాడు మేస్త్రి. అనుకున్న మాటల్లో అది లేదు.

"సిగ్నలు పడలేదు. నిలబడ్డా" అన్నాడు అన్నయ్య, లేస్తూ. 'స' దగ్గర చిన్న ఈల వినపడింది. సెట్టు వదులైంది. ఎవరి దగ్గరికీ వెళ్ళలేదు.

గదిలోకొచ్చి అన్నయ్య ముందు ఫొటో చూశాడు, తరవాత ఇంజను చూశాడు. చుట్టూ తిరగలేదు. నేరుగా ఎడమవైపుకి వెళ్ళి నిలబడ్డాడు. పంపు. చాలాసేపు చూశాడు.

"ఫొటో తిరగబడిందటగా. మీ వదిన చెప్పింది."

"తిరగబడింది. తప్పు నాదే అన్నయ్యా." వచ్చేసింది. అంతమందిలో అన్నమాట, ఇద్దరున్న గదిలో వెనక్కి తీసుకుంటే ఎంత చిన్నగా వినిపిస్తుందో అప్పుడు తెలిసింది.

"ఒకటడుగుతా చెప్పు. ఫొటో తిరగబడిందని తెలిశాక మార్చావా, నేను చెప్పానని మార్చావా?"

కాస్త తియ్యగా ఏదైనా చెప్పొచ్చు. అప్పట్నుంచీ అనుమానంగానే ఉందనో, మనసొప్పలేదనో. మేస్త్రి అన్నయ్య మొహం చూసి, "తెలిశాకే" అన్నాడు.

"ఊఁ. అబద్ధం చెప్పలేదు, నయం." అన్నయ్య స్టూలు లాక్కుని డ్రైవరు గది వెనగ్గా కూర్చున్నాడు. "నేనూ ఫొటోనే నమ్మాన్రా. నాకే మతి పోయిందనుకున్నా. డాక్టరు దగ్గరికి కూడా వెళ్ళా, మీ వదినకి తెలీదు. పంపే తప్పయితే మిగతావన్నీ కూడా తప్పేనేమో, ఏది నిజంగా జరిగిందో ఏది నేను అనుకుంటున్నానో తెలీక, ఇంజను కబుర్లు చెప్పడమే మానేశా. ఎవరైనా అడిగితే గుర్తులేదనేవాణ్ణి."

మేస్త్రి మొహం చెల్లక ఇంజను వైపు చూస్తున్నాడు. ఇంతకాలం తను చిన్నబుచ్చింది ఒక్క సాయంత్రాన్ననుకున్నాడు. పద్దెనిమిదేళ్ళని తీసేసుకున్నానని అనుకోలేదు. అన్నయ్య వంగి, కన్ను డ్రైవరు కిటికీ ఎత్తుకి దించి, బాయిలరు పొడుగునా ముందుకి చూడబోయాడు. పంపు అడ్డం వచ్చింది. దానంతటది, అలవాటుగా, మెడ ఎడమవైపుకి సాగింది, తల బయటికొచ్చింది, పంపుని దాటి చూపు పట్టాల మీద పడింది. నలభై ఏళ్ళుగా ఇంటిల్లిపాదీ నవ్విన మెడ. ప్రతి పెళ్ళి ఫొటోలోనూ ఉన్న ఆధారం. ఎముకలరిగాయట!

"ఆఁ. కనపడుతోంది" అన్నాడు అన్నయ్య ఎవరితోనో అన్నట్టు. అలాగే కాసేపు ఉండి, నిటారయ్యాడు. చూపు మెట్ల మీదికి దిగింది. ఏదో అనబోయి ఆగాడు.

"ఏంటన్నయ్యా?"

"ఏంలేదులే. ఏదో అనిపించింది."

"చెప్పు."

"కింది మెట్టు. ఒకసారి ప్లాట్‌ఫారం అంచుకి రాసుకుని లోపలికి వంగింది. ఎవడూ సరిచెయ్యలేదు. నేను కాలు అలా కాస్త లోపలికి పెట్టి ఎక్కేవాణ్ణి. అనుకుంటున్నాను మరి. ఏ ఫొటోలోనూ ఉండదు, మధ్యలో ఆ నూనెడబ్బావాడొకడు. ఉత్తినే అనుకుంటున్నానేమో కూడా, ఈమధ్య నన్ను నేనే నమ్మట్లేదు."

మేస్త్రి సొరుగు తీశాడు. మొనదేలిన చిన్న పట్టకారు తీసి, దవడలకి గుడ్డపీలిక చుట్టి, ఇంజనుని ఒక చేత్తో అదిమిపట్టి, గీత గీసినట్టున్న కింది మెట్టుని పట్టుకున్నాడు.

"ఎంత?"

అన్నయ్య బొటనవేలూ చూపుడువేలూ దగ్గరగా పెట్టి చూపించాడు.

మేస్త్రి ఒత్తాడు. రంగు పెటిలి, కింద ఇత్తడి పచ్చగా కనపడింది. చెయ్యి తీయకుండా తలెత్తి చూశాడు.

"ఇంకొంచెం" అన్నాడు అన్నయ్య.